సిఫ్రా 3 వెనుక ఉన్న పదేళ్లు

అంకెల రేకులు తిరుగుతూ సమయం చూపే బల్ల గడియారం, ఇటలీకి చెందిన సొలారి సంస్థ వారి ‘సిఫ్రా 3’, 1960ల మధ్యలో ఒక్కసారిగా పుట్టిందనే అభిప్రాయం దాని గురించి చదివిన వారికి కలిగే అవకాశం ఉంది కాబట్టి, దానికి ముందున్న కథను కొంత చేర్చాలనిపించింది. ఇటలీ ఉత్తరాన పెసారీస్ అనే కొండ ఊళ్లో 1725లో గోపుర గడియారాలతో మొదలైన ఈ సంస్థకు, తరువాతి కాలంలో ఉదినె పట్టణంలో వాస్తుశిల్పి జీనో వాల్లె తోడయ్యారు. ఆయన రూపమిచ్చిన ‘సిఫ్రా 5’ అనే రేకుల గడియారానికి 1956లోనే కంపాసో దోరో అనే ఇటలీ డిజైన్ పురస్కారం దక్కింది. రైల్వే స్టేషన్లలో, విమానాశ్రయాల్లో ఒకప్పుడు టపటపమంటూ తిరిగిన రేకుల బోర్డులు కూడా ఎన్నో ఈ సంస్థవే.

ఇందులోని కిటుకు రేకుల్లోనే ఉంది. అంకె అడ్డంగా రెండు ముక్కలవుతుంది. ప్రతి రేకు ముందువైపు ఒక అంకె పైసగం, వెనుకవైపు తరువాతి అంకె కిందిసగం ఉంటాయి కనుక, ఒక్క రేకు కిందికి వాలగానే కొత్త అంకె పూర్తిగా కనబడుతుంది. దీపం అక్కరలేదు, ముల్లూ అక్కరలేదు.

‘సిఫ్రా 3’లో వాల్లె చేసినదల్లా ఈ యంత్రాన్ని బల్లమీద పట్టేంత చిన్న ప్లాస్టిక్ స్తూపంలో అడ్డంగా పడుకోబెట్టడమే అని తేలికగా అనవచ్చు గానీ, పెట్టెలో దాచకుండా లోపలి చక్రం ఆకారాన్నే బయటి రూపంగా నిలపడం నా దృష్టిలో అసలైన ప్రతిభ. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దీన్ని తన సేకరణలో చేర్చుకున్నదీ అందుకే కావచ్చు.