స్పీడింగ్ పాయింట్లు ఇంకొకరి పేరు మీద వేయిస్తే "మహా అయితే ఫైన్" కాదు, జైలు

బ్రిటన్‌లో అతివేగంగా నడిపితే లైసెన్స్ మీద పెనాల్టీ పాయింట్లు పడతాయి, ఎక్కువైతే లైసెన్స్ పోతుంది. నడిపింది ఎవరో రాసి పంపమని నోటీసుతో పాటు ఫారం వస్తుంది. అక్కడున్న మనవాళ్ల మధ్య దీని మీద ఒక సలహా చేతులు మారుతూ ఉంటుంది. "స్పీడ్ కెమెరా నోటీసు వస్తే టెన్షన్ పడొద్దు. ఫొటో వెనక నుంచే తీస్తారు, నడిపింది ఎవరో వాళ్లకు తెలియదు. పాయింట్లు లేని ఫ్రెండ్‌కి కొంత డబ్బిచ్చి అతని పేరు రాసెయ్. లేదంటే ఇండియా వెళ్లిపోయినవాళ్ల పేరు రాయి. దొరికినా మహా అయితే ఫైన్." కొత్తగా వచ్చిన స్టూడెంట్లు దీన్ని నమ్ముతున్నారు. నా భయమంతా వాళ్ల గురించే.

ముందు ఆ "మహా అయితే ఫైన్" సంగతి చూద్దాం. మామూలు స్పీడింగ్‌కి 100 పౌండ్లు, 3 పాయింట్లు. అబద్ధపు పేరు రాసి సంతకం పెడితే అది ట్రాఫిక్ తప్పుగా ఆగదు, న్యాయప్రక్రియను పక్కదారి పట్టించిన నేరం అవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో దానికి గరిష్ఠ శిక్ష యావజ్జీవం. అంత వేయరు గానీ జైలుకు మాత్రం పంపుతారు. 2003లో యూరోపియన్ పార్లమెంటు సభ్యుడిగా ఉన్న క్రిస్ హ్యూన్ స్పీడింగ్ పాయింట్లను ఆయన భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకున్నారు. పదేళ్ల తర్వాత, 2013 మార్చిలో, ఇద్దరికీ చెరో ఎనిమిది నెలల జైలు శిక్ష పడింది. ఈ మధ్యలో ఆయన బ్రిటన్‌లో ఎంపీ అయ్యారు, మంత్రీ అయ్యారు. శిక్ష పడేనాటికి ఆ మంత్రి పదవీ పోయింది, ఎంపీ సీటూ పోయింది. ఇంత చేసీ 2003లోనే, డ్రైవింగ్ చేస్తూ ఫోన్ మాట్లాడినందుకు, ఆయన లైసెన్స్ ఎలాగూ సస్పెండ్ అయింది. ఈ గుట్టు బయటపడింది వాళ్లిద్దరూ విడిపోయాకే. ఈరోజు మీ పాయింట్లు తీసుకున్న స్నేహితుడితో రేపు అద్దె దగ్గరో అప్పు దగ్గరో గొడవ రాదని ఎవరు చెప్పగలరు?

"దేశంలో లేనివాళ్ల పేరు రాయి" అన్న మాట ఇంకా ప్రమాదం. 2017లో ఎంపీ ఫియోనా ఒనసాన్యా కారు గంటకు 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 41 మైళ్ల వేగంతో కెమెరాకు చిక్కింది. ఫారంలో రాసిన పేరు ఒకప్పుడు ఆమె కుటుంబం ఇంట్లో అద్దెకున్న వ్యక్తిది. తీరా చూస్తే ఆ రోజుకు అతను రష్యాలో తల్లిదండ్రుల దగ్గర ఉన్నాడు. ఆమెకు మూడు నెలలు, ఇందులో పాలుపంచుకున్న తమ్ముడికి పది నెలలు జైలు. వేరే దేశంలో ఉన్నట్టు పాస్‌పోర్టు స్టాంపులే చెప్తాయి.

కెమెరా మాట సగమే నిజం. వెనక నుంచి తీసేవి ఉన్నాయి, ముందు నుంచి డ్రైవర్ ముఖం తీసేవీ ఉన్నాయి.

చాలామందికి తట్టనిది ఇన్సూరెన్స్. ఫారంలో అడిగేది పేరు, అడ్రస్, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబరు. మీ పాలసీలో లేని, మీ కారుకు వర్తించే సొంత పాలసీ కూడా లేని ఫ్రెండ్ వివరాలు అందులో రాశారంటే, అతను ఇన్సూరెన్స్ లేకుండా మీ కారు నడిపాడని మీ చేత్తోనే రాసిచ్చినట్టు. దానికి 300 పౌండ్లు, 6 పాయింట్లు. కారు ఇచ్చినందుకు మీకూ పాయింట్లు పడతాయి. మూడు పాయింట్లు తప్పించుకోబోయి ఇద్దరూ ఆరేసి మోయాల్సి వస్తుంది.

డబ్బు తీసుకుని పాయింట్లు ఎక్కించుకునే కుర్రాడి పరిస్థితి అందరికంటే దారుణం. బ్రిటన్‌లో టెస్ట్ పాసైన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దే. థియరీ, ప్రాక్టికల్ రెండూ మళ్లీ మొదటి నుంచి రాయాలి. ఇన్సూరెన్స్ రేటు పెరుగుతుంది. నేరం బయటపడితే అతనూ ముద్దాయే. వీసా మీద ఉన్నవాళ్లకు క్రిమినల్ రికార్డు అంటే తర్వాత పెట్టే ప్రతి దరఖాస్తులోనూ జవాబు చెప్పుకోవాలి. పన్నెండు నెలలు, అంతకుమించి శిక్ష పడిన విదేశీయులను సాధారణంగా దేశం నుంచి పంపేయాలని 2007 నాటి చట్టమే ఉంది. ఇంట్లో పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు అది.

ఊరికే ఫారం దాచేసి కూర్చున్నా కుదరదు. 28 రోజుల్లో జవాబివ్వకపోతే 6 పాయింట్లు, వెయ్యి పౌండ్ల దాకా ఫైన్. వేగం మరీ ఎక్కువ కాకపోతే, చాలాచోట్ల పాయింట్లకు బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు (వేగం గురించి చెప్పే క్లాసు) ఇస్తారు, గత మూడేళ్లలో ఆ కోర్సుకు వెళ్లి ఉండకూడదు. అది పూర్తి చేస్తే ఒక్క పాయింటూ పడదు. ఒకే కారును ఇద్దరు ముగ్గురు వాడుతూ, ఆ రోజు ఎవరు నడిపారో నిజంగానే గుర్తు లేకపోతే, పోలీసులను ఫొటో అడగండి. గడువు దాటకముందే అడగండి.