హైట్ సరిపోయింది కదా అని

నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకావిడ అడిగింది. వేసవి సెలవుల్లో సింగపూర్ వెళ్తున్నారట. ఐదేళ్ల పాప, రెండున్నరేళ్ల బాబు. అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ పార్కుకి ఒక్కరోజు సరిపోతుందా అని. పది నిమిషాల్లో ఇరవై జవాబులు వచ్చాయి. "గేటు తీయకముందే వెళ్లి నిలబడండి", "ముందు పెద్ద రైడ్లు కొట్టేయండి, తర్వాత రద్దీ అవుతుంది", "ఎక్స్‌ప్రెస్ పాస్ తీసుకుంటే మధ్యాహ్నానికల్లా అన్నీ కవర్ అయిపోతాయి". ఆ పాపకి ఏమిష్టమని ఒక్కరూ అడగలేదు. నేను ఏదో టైపు చేసి, చెరిపేసి, ఫోను పక్కన పెట్టేశాను. రెండు లైన్లలో చెప్పే మాట కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈ కవర్ చేయడం అనే మాటే నాకు పడదు. తిరుపతి పోతే కాణిపాకం, కాళహస్తి కవర్ చేశాం అంటాం. ఊటీ పోతే కూనూరు కూడా కవర్ చేసేశాం అంటాం. పెద్దవాళ్లం మన ఒళ్లు మనం హూనం చేసుకుంటే అది మన ఇష్టం. కానీ సరిగ్గా మాటలు కూడా రాని పిల్లల్ని సముద్రం దాటించి తీసుకెళ్లి, వాళ్ల పేరు చెప్పి టికెట్లు కొని, రోజంతా మన లెక్క ప్రకారం నడిపించడం తప్పు. నేను ఆ తప్పు చేశాను కాబట్టే చెప్తున్నాను.

మేం పోయిన ఏడాది మే చివర్లో వెళ్లాం. ఉండేది చెన్నై వేళచ్చేరిలో, సొంతూరు నెల్లూరు దగ్గర. అప్పటికి పాపకి ఆరేళ్లు, బాబుకి మూడు నిండి నాలుగు నెలలు. ఆ పార్కులో నాలుగేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. మా ఇద్దరికీ పాపకీ కలిపి దాదాపు 15 వేలు అయింది, గేటు దాటడానికే. విమానం, హోటలు, తలా ఒక వీసా, పిల్లల పాస్‌పోర్టులు అన్నీ వేరే. (పాపది ఐదేళ్లకే అయిపోయింది. చిన్నపిల్లల పాస్‌పోర్టు అంతే, ఐదేళ్లే. మీ పిల్లలది ఇప్పుడే తీసి చూసుకోండి.) ఈ లెక్కంతా ఎందుకంటే, ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన ప్రతి చెడ్డమాట వెనకా ఈ లెక్కే ఉంది.

వెళ్లింది ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో. రాత్రి పదకొండు దాటాక చెన్నైలో ఎక్కితే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, పొద్దున ఆరుకి దిగాం. పిల్లలు నిద్రపోయింది మూడు గంటలు. హోటల్లో గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు కాబట్టి అటునుంచి అటే వ్యాన్‌లో సిటీ టూర్. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి కింద లాబీలో ఉండాలన్నారు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఎనిమిదిన్నర అంటే మన పిల్లల ఒంటికి పొద్దున ఆరు. దానికోసం వాళ్లని లేపింది ఏడుకి, అంటే నాలుగున్నరకి. ఇంట్లో స్కూలుకి ఏడుకి లేపితేనే ఏడ్చే పిల్లలు. ఆ ప్యాకేజీ రాసినవాళ్లకి పిల్లలు లేరా అనిపించింది నాకు. కానీ ఆ కాగితం మాకు ముందే ఇచ్చారు. చదివి సరేనన్నది మేమే.

పార్కులోకి వెళ్లగానే ట్రాన్స్‌ఫార్మర్స్ అనే రోబోల సినిమా రైడ్ వైపు నడిచాం, ముందు పెద్దవి కొట్టేయాలి కదా. లైన్లో 70 నిమిషాలు పడుతుందని బయట బోర్డు మీద ఉంది. 102 సెంటీమీటర్లు ఉంటేనే ఎక్కనిస్తారు. అక్కడమ్మాయి పాపని కొలబద్ద పక్కన నిలబెట్టింది. పాప 112. మాకు పట్టరాని సంతోషం, ఏదో పరీక్ష పాసైనట్టు. ఫోటో కూడా తీశాం. బాబు 93. వాడినీ వాళ్ల నాన్ననీ బయట వదిలేసి నేనూ పాపా లైన్లో దూరాం.

లోపల లైనే ఒక సైనిక స్థావరంలా కట్టారు. చీకటి, ఎర్ర దీపాలు, ప్రమాదం ముంచుకొస్తోందని అరిచే తెరలు. ఇరవై నిమిషాలయ్యాక పాప నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, బయటికి పోదాం" అంది. ఇంకొంచెమే నాన్నా అన్నాను. మళ్లీ కాసేపటికి "నాకొద్దు" అంది. అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి నాకు మనసు రావడం లేదు, కానీ రాస్తాను. "ఇంత దూరం వచ్చి, ఇన్ని డబ్బులు పెట్టి ఇప్పుడు వద్దంటావా? ఆ పాపని చూడు, నీకన్నా చిన్నది, ఎంత బాగా నిలబడిందో." అంతే, తర్వాత నా బిడ్డ నోరెత్తలేదు. త్రీడీ అద్దాలు పెట్టుకుంది. బండి కదిలినప్పటి నుంచి ఆగేదాకా నా మోచేతిలో మొహం దాచుకునే ఉంది. ఐదు నిమిషాలు కూడా లేదు ఆ రైడ్. దిగి వెలుతురులోకి వచ్చాక నన్ను ఒకే ఒక్కటి అడిగింది. "ఇప్పుడు డబ్బులు సరిపోయాయా అమ్మా?"

నాకు కాళ్లు ఆడలేదు.

అక్కడితో అయిపోలేదు. పాప ఇంట్లో ఉన్నప్పటి నుంచీ ఎదురు చూసింది ఎల్మో కోసం, సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షోలో బొమ్మ అది. సెసమీ స్ట్రీట్ పాత్రలతో చిన్నపిల్లల కోసమే కట్టిన రైడ్ ఒకటుంది, స్పెగెటీ స్పేస్ చేజ్ అని. మెత్తగా సాగుతుంది, భయపడేది ఏమీ లేదు. కానీ అదీ గది లోపలే, తలుపు దగ్గర చీకటే. పాప గడప దగ్గరే బిగుసుకుపోయింది. ఎంత చెప్పినా లోపలికి రాలేదు. మా కోసం ఎక్కించిన రైడ్ వల్ల తన కోసం ఉన్న రైడ్ పోగొట్టుకుంది. ఆ రాత్రి హోటల్లో రెండుసార్లు లేచి లైటు వేయమంది.

అప్పటి నుంచి నేను దీని గురించే ఆలోచిస్తున్నాను. ఆ కొలబద్ద మీద ఉండే అంకె ఏమిటి? సీటు మీద పడే కడ్డీ ఆ ఒంటిని పట్టి ఉంచుతుందా, బెల్టులోంచి పిల్ల జారిపోదా, అదీ లెక్క. ఒంటి భద్రతకి పెట్టిన అంకె. ఆ పిల్లకి చీకటంటే భయమా, పెద్ద శబ్దాలకి చెవులు మూసుకుంటుందా అని ఆ కర్రకి తెలియదు. తెలియాల్సింది మనకి. దీపావళికి లక్ష్మీబాంబు పేలితే మా పాప బాత్రూంలోకి పరిగెత్తుతుందని సింగపూర్‌లో కొలబద్ద పట్టుకున్న అమ్మాయికి ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు. తెలిసి కూడా, హైట్ సరిపోయింది కదా అని తీసుకెళ్లాను.

ఇంకో మాట. లైన్లో ఎంతసేపు నిలబడినా, బండి ఎక్కే చివరి క్షణంలో కూడా వద్దనొచ్చు. అక్కడ పనిచేసేవాళ్లకి చెప్తే పక్క దారిలోంచి బయటికి పంపిస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు. డెబ్బై నిమిషాలు వృథా అయ్యాయని బాధపడేది మనమే. తల్లిదండ్రులకే ఎక్కాలని ఉంటే దానికీ దారి ఉంది. డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అంటారు, ఒకరు పిల్లలతో ఉంటే ఇంకొకరు ఎక్కి వస్తారు, రెండోవాళ్లు మళ్లీ మొదటి నుంచి లైన్లో నిలబడక్కర్లేదు. వెళ్లే పార్కులో ఇలాంటిది ఉందా అని గేటు దగ్గరే అడగండి. మీ సరదాకి పిల్లని తోడు తీసుకెళ్లే పని ఉండదు.

నా చిన్నప్పుడు జొన్నవాడ కామాక్షమ్మ తిరునాళ్లకి మా నాయన తీసుకెళ్లేవాడు. నాలుగు పెట్టెల కర్ర రంగులరాట్నం, చేత్తో తిప్పేది. నాకు ఐదారేళ్లు. పైకి పోగానే కింద మనుషులు చిన్నగా కనిపించి గుక్కపట్టి ఏడ్చాను. నాయన కింద నుంచి అరిచాడు, "ఆపబ్బా, బిడ్డ భయపడతా ఉంది." రాట్నం అతను, "టికెట్టు తీసుకున్నారు గదన్నా, రెండు చుట్లే" అన్నాడు. "టికెట్టు పోతే పోయిందిలే, ఆపు." దించి, చంకనెత్తుకుని, జీళ్లు కొనిపెట్టాడు. ఇంటికి పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. ఆయనకి ఆ రోజు జేబులో ఎంతుందో ఇప్పుడు ఊహించగలను. మా జీతాల్లో ఆ పార్కు టికెట్ ఎంతో, ఆయన సంపాదనలో ఆ తిరునాళ్ల ఖర్చు అంతకంటే ఎక్కువే. మరి ఆయన నోటికి రాని మాట నా నోటికి ఎలా వచ్చింది?

మొదటి డిస్నీల్యాండ్‌ని అమెరికాలో 1955 జులై 17న తెరిచారు. ఆ ఆలోచన ఎలా పుట్టిందో వాల్ట్ డిస్నీయే చెప్పేవాడట. సెలవు రోజుల్లో ఇద్దరు కూతుళ్లనీ లాస్ ఏంజెలిస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్లేవాడు. పిల్లలు గుర్రాల రాట్నం మీద తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలి అనుకున్నాడు. కలిసి అన్నాడు ఆయన. ఆ రోజు మేం నలుగురం కలిసి ఉన్నది ఎంతసేపని లెక్కేస్తే నాకే సిగ్గేసింది.

బాబు సంగతి చెప్పలేదు. మేం లైన్లో ఉన్నంతసేపూ వాడు బయట గోరింకల్ని చూస్తున్నాడట. కింద పడ్డ పాప్‌కార్న్ కోసం అవి గెంతుతుంటే వీడూ వాటి వెనక గెంతడం. మేం బయటికి రాగానే వాళ్ల నాన్న ఎత్తుకుని పద పద అంటే, ఒళ్లు విరుచుకుని ఏడ్చాడు. "గోరింకలు మన గిండీ పార్కులో లేవా, దీనికోసం ఇంత దూరం రావాలా" అన్నారు మా ఆయన. అప్పుడు నాకూ అదే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. వాడికి అది గిండీయో సింగపూరో తెలియదు. వాడికి ఆ రోజు నిజంగా నచ్చింది అదే, మేం దాన్నీ లాగేసుకున్నాం.

మధ్యాహ్నం మూడుకి ఉరుములతో వాన పట్టుకుంది. సింగపూర్‌లో అది మామూలే, పిడుగుల భయం ఉంటే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. ఒక చూరు కింద నలుగురం కూర్చున్నాం. ఎక్కడికీ పోవడానికి లేదు. బాబు నా ఒళ్లో నిద్రపోయాడు. పాప వాన నీళ్లలో చెయ్యి పెట్టి ఆడుకుంది. ఆ గంటే ఆ రోజుకి మంచి గంట.

మర్నాడు వ్యాన్ వాళ్లకి ఫోన్ చేసి మేం రావడం లేదని చెప్పాం. డబ్బు వెనక్కి రాదన్నారు, పోనీలే అన్నాం. పిల్లలు లేచినప్పుడు లేచారు. మెట్రోలో బయల్దేరాం. స్టేషన్లో బోర్డులు నాలుగు భాషల్లో ఉంటాయి, అక్కడ తమిళం కూడా అధికార భాషే. చెన్నై స్కూల్లో రెండో భాషగా తమిళం చదివే మా పాప, పరదేశంలో ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, "అమ్మా, వీళ్లకి మన స్కూలు భాష ఎలా తెలుసు?" అంది. గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటలో పిల్లల కోసం నీళ్ల ఆటల చోటు ఉంది, లోపలికి టికెట్ లేదు. మూడు గంటలు అక్కడే. తిరిగి వచ్చే రోజు చాంగీ ఎయిర్‌పోర్టులో జ్యువెల్ అనే మాల్ లోపల ఉన్న 40 మీటర్ల జలపాతం కింద పాప తల పైకెత్తి నిలబడిపోయింది. దానికీ డబ్బు లేదు. ఇంటికొచ్చాక స్కూల్లో సింగపూర్ బొమ్మ వేయమంటే ఆ జలపాతమే వేసింది.

"ఇంత చిన్న పిల్లలకి ఏం గుర్తుంటుంది, ఎందుకు తీసుకెళ్లడం" అని మా అత్తమ్మతో సహా చాలామంది అన్నారు. నేను దానికి ఒప్పుకోను. మూడు, మూడున్నరేళ్లకి ముందు జరిగినవి పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు, నిజమే. గుర్తుండాలనే అన్నీ చేస్తామా? గుర్తుండదని జోలపాట మానేస్తామా? తీసుకెళ్లండి. కానీ దిగిన రోజు పడుకోనివ్వండి. మర్నాడు కూడా పార్కు వద్దు. మూడేళ్ల పిల్లాడు నడుస్తాడు కదా అని స్ట్రోలర్ మానకండి, అక్కడే అద్దెకి ఇస్తారు. వెళ్లే ముందు రైడ్ల వీడియోలు సౌండు పెట్టి చూపించండి, పిల్ల మొహం చూస్తే మీకే తెలుస్తుంది. మే చివర నుంచి జూన్ అంతా వాళ్ల స్కూళ్లకీ సెలవులే, లైన్లు పెరుగుతాయి, కుదిరితే ముందే వెళ్లండి. గేటు దాటిన నిమిషం నుంచి ఆ డబ్బు పోయినట్టే అనుకోండి. పిల్లల ముందు మళ్లీ దాని మాట ఎత్తకండి.

పోయిన ఆదివారం సాయంత్రం మెరీనాకి వెళ్లాం. ఇసుకలో చేత్తో తిప్పే గుర్రాల రాట్నం. పాప చాలాసేపు దూరం నుంచి చూసింది. మేం ఏమీ అనలేదు. తర్వాత తనే వచ్చి ఎక్కుతానంది. తిప్పే అతను "వేగమా సుత్తట్టుమా?" (వేగంగా తిప్పనా?) అని తమిళంలో అడిగాడు. "వేండాం అణ్ణా, మెదువా" (వద్దన్నా, మెల్లగా) అంది. ఆయన మెల్లగానే తిప్పాడు. దిగి, మళ్లీ ఎక్కింది.

గ్రూపులో అడిగిన ఆవిడ మా పై అంతస్తే. రేపు లిఫ్ట్ దగ్గర కనిపిస్తే ముందు ఆ పాపతోనే మాట్లాడతాను, సింగపూర్‌లో నీకేం చూడాలని ఉందమ్మా అని.