హెయాన్ మగవారికి న్యాయం కావాలి

వెయ్యేళ్లుగా ఒక అన్యాయం జరుగుతోంది. జపాన్‌లో వెయ్యేళ్ల కిందటి హెయాన్ యుగపు దర్బారు సంగతి ఎవరు ఎత్తినా మురసాకి షికిబు, సెయి షోనగోన్ అంటూ దర్బారులో ఉండి రచనలు చేసిన ఆడవారి పేర్లే చెబుతారు. పగలు దస్తావేజులు, రాత్రి దినచర్య, అన్నీ చైనా భాషలోనే రాసి చేతులు నొప్పి పుట్టిన పెద్దమనుషులను తలచే నాథుడే లేడు.

వారు చేసిన నేరమేమిటి? గంభీరమైన చైనా భాషను తమకు అట్టిపెట్టుకున్నారు. ఇంట్లో మాట్లాడే మాటను ఉన్నదున్నట్టు రాయడానికి పనికివచ్చే తేలిక లిపికి 'ఆడచేయి' అని పేరు పెట్టి ఆడవారికి వదిలేశారు. (పద్యాలకూ ప్రేమలేఖలకూ తామూ అదే వాడుకున్నారు, అది వేరే సంగతి.) అడుగూబొడుగూ పెడితే దానితోనే మురసాకి 54 అధ్యాయాల నవల, గెంజి కథ, వండి వడ్డిస్తుందని ఎవరు కలగన్నారు? తోసా అనే రాష్ట్రపు గవర్నరుగిరీ ముగించుకుని 935లో రాజధాని చేరిన కవి కి నో త్సురాయుకి అయితే, చనిపోయిన కూతురి గురించి నాలుగు మాటలు రాసుకోవడానికి ఆడమనిషి వేషం కట్టవలసి వచ్చింది. కాగితం మీదే లెండి.

మురసాకి చేసిన అపచారం ఇంకా పెద్దది. తండ్రి తమెతోకి కొడుకుకు చైనా గ్రంథాలు చెబుతుంటే పక్కన కూర్చుని వినేది. వాడు నీళ్లు నమిలిన చోట ఈ పిల్ల టక్కున అందించేది. 'మగపిల్లవాడిగా పుట్టలేదే, నా ఖర్మ' అని ఆ తండ్రి నిట్టూర్చేవాడు. అందుకే పెద్దయ్యాక దర్బారులో ఎంతో బుద్ధిగా మసలుకుంది. తెర మీది రాత సైతం చదవడం రానట్టు ముఖం పెట్టేది. 'ఒకటి' అనే చైనా అక్షరమైనా రాసేది కాదట. ఆ అక్షరం ఒకే ఒక్క అడ్డగీత! ఆ గీత రానట్టు నటించడానికి ఎన్ని గ్రంథాలు చదివి ఉండాలో. అదే మనిషి చాటుగా రాణి షోషికి చైనా కవి బాయ్ జూయి పద్యాలు పాఠం చెప్పింది. పైగా, షోనగోన్ చైనా అక్షరాలు తెగ చల్లుతుందనీ, పరికించి చూస్తే లోపాలేననీ తన దినచర్యలో దెప్పింది. రాణిగారి తండ్రి, దర్బారును శాసించిన మిచినాగ, స్వయంగా రాసుకున్న చైనా దినచర్యలో తప్పులకు లోటు లేదు. మగవాడి తప్పు కనుక అది చరిత్ర.

పేర్ల విషయంలోనైనా మగవారు జాగ్రత్తపడ్డారు. మురసాకి అసలు పేరు నేటికీ రూఢిగా తెలియదు. 'షికిబు' అన్నది తండ్రి చేసిన కొలువును బట్టి వచ్చింది. మొగుడి నిర్వాకాలన్నీ పూసగుచ్చినట్టు దినచర్యకెక్కించిన మరో ఇల్లాలిని 'మిచిత్సున తల్లి' అని ఊరుకున్నారు. ఆ మిచిత్సున పెద్ద పదవులే చేశాడు. ఇప్పుడాయన ఎవరని అడిగితే మాత్రం, ఆ దినచర్య రాసినావిడ కొడుకని చెప్పుకోవాలి.