సవరణ: గ్రిల్ వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి

గ్యాస్ గ్రిల్ గురించి మొన్న రాసినదాంట్లో ఒక పెద్ద తప్పు దొర్లింది, గాలికి మంట నిలవకపోతే మూత వేసి వెలిగించండి అని రాశాను, దయచేసి అలా అస్సలు చెయ్యొద్దు. మూత వేసి ఉంటే గ్యాస్ లోపలే పేరుకుంటుంది, నిప్పురవ్వ పడగానే ఒక్కసారిగా భగ్గుమని మొహం మీదకే వస్తుంది. ముందు మూత తెరవాలి, ఆ తర్వాతే సిలిండర్ వాల్వ్, అదీ మెల్లగా తిప్పాలి, గబుక్కున తిప్పితే ఎక్కడో లీకైందనుకున్నట్టుగా రెగ్యులేటర్ గ్యాస్ తగ్గించేస్తుంది, ఇక మంట ఎంతసేపైనా చిన్నగానే ఉంటుంది, చాలాసార్లు బర్నర్ పాడైందని అనుకునేది ఇందుకే.

వెలగలేదా, వెలిగించే బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కకండి, అన్నీ కట్టేసి మూత అలాగే తెరిచి ఉంచి 5 నిమిషాలు ఆగండి. సిలిండర్‌లో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువు కదా, తేలిగ్గా పైకి పోదు, కిందే నిలబడిపోతుంది.

లీక్ చూడ్డానికి అగ్గిపుల్ల వద్దు, పైపుకీ జాయింట్లకీ సబ్బునీళ్ళు రాయండి, బుడగలొస్తే లీకే.

ఇంకోటి, చికెన్ రంగు చూసి తీసెయ్యొచ్చు అన్నాను, అదీ తప్పే. థర్మామీటర్ బాగా మందంగా ఉన్నచోట ఎముకకి తగలకుండా గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి.