తోడల్లుడు చుట్టమే, మేనల్లుడు పరాయివాడు

మన ఆదాయపు పన్ను చట్టం రాసినవాళ్లకు చుట్టరికాల మీద ఉన్న పట్టు చూస్తే పెళ్లిళ్ల పేరయ్యలు కూడా దండం పెట్టాలి. బంధువు ఎంత డబ్బిచ్చినా పన్ను లేదు. పరాయివాళ్లు ఇచ్చింది మాత్రం ఏడాదికి 50,000 దాటితే పుచ్చుకున్నవాడు పన్ను కట్టాలి. బంధువుల జాబితాలో భార్య అక్కచెల్లెళ్లున్నారు, వాళ్ల భర్తలూ ఉన్నారు. అంటే తోడల్లుడు చుట్టమే. అత్తారింట్లో ఎవరికి ఎన్ని అరిసెలు వడ్డించారో లెక్కపెట్టే ఆ మహానుభావుడు మీకు కోటి రూపాయలిచ్చినా ప్రభుత్వం కిమ్మనదు. (ఇచ్చిన తోడల్లుణ్ని ఎవరైనా చూశారా అన్నది వేరే సంగతి.)

ఇక మేనల్లుడు. మామయ్య అతనికిస్తే పన్ను లేదు, తల్లి తోడబుట్టినవాడు బంధువే గనక. అదే మేనల్లుడు ఉద్యోగమొచ్చాక మామయ్యకిస్తే? చుట్టరికాన్ని పుచ్చుకునేవాడి వైపు నుంచి చూడాలట. అటు నుంచి చూస్తే తోబుట్టువుల పిల్లలు జాబితాలోనే లేరు. ఏప్రిల్ నుంచి నెలకు 5,000 పంపాడనుకోండి, జనవరి దాకా ఏ గొడవా లేదు. ఫిబ్రవరి డబ్బు పడిందా, పైన దాటిన 5,000 ఒక్కటే కాదు, మొత్తం 55,000 మామయ్య ఆదాయంలో కలుస్తుంది.

దీనికి చట్టంలోనే ఒక విరుగుడు ఉంది. పెళ్లికి వచ్చిన చదివింపులకు పన్ను లేదు. కాబట్టి 60 ఏళ్ల మామయ్యకు మోకాలి ఆపరేషన్ చేయించాలంటే ముందు పెళ్లి చేయాలి. షష్టిపూర్తి సరిపోదు, చట్టం అడిగేది పెళ్లి. పెళ్లికూతురు ఎవరంటారా? అత్తయ్యే, మళ్లీ. మోకాళ్లు వంగవు గనక వరుడు పీటల మీద కాకుండా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. పురోహితుడు మాంగల్యధారణ మంత్రం అందుకోగానే పక్కన చదివింపుల పుస్తకం పట్టుకున్న ఆడిటర్ గారు చెయ్యెత్తి ఆపుతారు: ‘‘నాలుగు లక్షలు చెక్కేనా బాబూ? నగదైతే రెండు లక్షలకే అంతకంత జరిమానా!’’ చెక్కే అని తేలాక భజంత్రీలు మోగుతాయి. అత్తయ్య సిగ్గుపడాలో ఏడవాలో తెలియక ఆపరేషన్ ఎస్టిమేటుతోనే విసురుకుంటూ ఉంటుంది.

ఇంత తతంగమెందుకు, డబ్బు తల్లికి పంపితే ఆవిడే అన్నకిస్తుంది కదా అంటారు తెలివైనవాళ్లు. కొడుకు తల్లికిచ్చినా, చెల్లెలు అన్నకిచ్చినా పన్ను లేదు, నిజమే. ఆ తల్లి ఉంటే కదా! ఎన్నో ఇళ్లలో తల్లి పోయింది గనకే పిల్లాణ్ని మేనమామ తెచ్చుకుని పెంచాడు. తన పిల్లల ఫీజు ఆపి వీడి ఫీజు కట్టాడు. ఆ పిల్లాడు మందులకు పంపిన డబ్బు ‘ఇతర ఆదాయం’ అట! లాటరీ డబ్బు రాసే పద్దులోనే రాయాలట! రాసినవాళ్లకు సిగ్గుండక్కర్లేదా?

1998లో గిఫ్ట్ ట్యాక్స్ ఎత్తేశాక, దొంగ కానుకలను ఆపాలని 2004లో 25,000 పరిమితితో ఈ రూలు తెచ్చారు. 2006లో దాన్ని 50,000 చేశారు. బంగారం, ఆసుపత్రి బిల్లు ఎక్కడికి పోయినా అది అక్కడే ఉంది. సరే, నల్లడబ్బే భయమైతే, తోడల్లుడి చేతుల మీదుగా రానిది మేనల్లుడి చేతుల మీదుగానే వస్తుందా?

ఇంకో మినహాయింపు ఉండనే ఉంది. ఇచ్చేవాడు తన చావు దగ్గరపడిందని తెలిసి ఇస్తే పన్ను లేదు. 30 ఏళ్ల మేనల్లుడు ఆ ఏర్పాటేదో చూసుకుంటే మామయ్య నిశ్చింతగా మందులు కొనుక్కోవచ్చు.