విషయం: పసిపిల్లల అంతర్జాతీయ కుమ్మక్కు గురించి

పై విషయమై మనవి చేసుకోవడమేమనగా, నేను 33 ఏళ్లు రెవెన్యూ కచేరీలో ఫైళ్లు తిరగేసినవాణ్ణి. బినామీలను చూశాను, దొంగ పట్టాలు చూశాను, చెరువు గర్భంలో కొబ్బరితోట ఉన్నట్టు అడంగల్లో రాయించుకున్న మహానుభావులను చూశాను. కుమ్మక్కు ఎక్కడున్నా వాసన పట్టేస్తానని నాకో ధీమా ఉండేది. అలాంటివాణ్ణి, ప్రపంచమంతటా బాహాటంగా నడుస్తున్న ఓ కుమ్మక్కును 62వ ఏట, అదీ న్యూజెర్సీలో, రాత్రి రెండూ నలభైకి, భుజమ్మీద పాలు కక్కిన తుండుగుడ్డతో నిలబడితే గానీ కనిపెట్టలేకపోయాను.

ప్రథమ ముద్దాయి నా మనవడు. తక్కిన ముద్దాయిలు ఏడాది లోపు వయసుండి భూమ్మీద ఎక్కడైనా సరే ఉయ్యాలలో, బుట్టలో, వీపు మూటలో పడుకుని ఉన్నవాళ్లందరూ. వీళ్లకి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. మాటలు రావు, ఫోన్లు లేవు, మెడ నిలపడం కూడా కొందరికి చేతకాదు. అయినా అందరి పనితీరూ ఒకటే. దీన్ని కుమ్మక్కు అనక ఏమనాలో చదువరులే సెలవివ్వాలి.

అమ్మాయి కాన్పుకని ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్లాం. రెండు పెట్టెల నిండా ఆముదం, సాంబ్రాణి, వాము, నలుగుపిండి, ఆవాల దిండు, నడుముకి చుట్టుకునే పాత నేత చీరలు. పిల్లాడు పుట్టిన పదిహేను రోజులు దేవుడిలా పడుకున్నాడు. మూడో వారం నుంచి రాగం అందుకున్నాడు. ఆరో వారానికి కింది వాటా వాళ్లు మమ్మల్ని చూసి జాలిపడే దశకి వచ్చాం. కారణాలకి మాత్రం కొదవ లేదు. మా ఆవిడ దిష్టి అంది. డాక్టరు గ్యాసన్నాడు. అల్లుడు ఫోన్లో ఏదో యాప్ తెరిచి, "ఇది ఎదుగుదల దశ మావయ్యగారూ" అన్నాడు. అమ్మాయి ఏమీ అనలేదు, అది కూర్చునే నిద్రపోయింది.

తర్వాత తెలిసిందేమంటే, ఈ ఆరో వారం ముహూర్తం మావాడు పెట్టుకున్నది కాదు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో కుంగ్ శాన్ తెగ తల్లులు బిడ్డని రోజంతా ఒంటికి కట్టుకునే తిరిగేవారు, గంటకి మూడు నాలుగు సార్లు పాలిచ్చేవారు. అంతకంటే భేషైన సర్వీసు ఏ దేశంలోనూ దొరకదు. పరిశోధకులు వెళ్లి చూస్తే అక్కడి పిల్లల ఏడుపు కూడా ఆ మొదటి నెలల్లోనే, అదే తీరులో పెరిగి తగ్గుతోందట. ఎక్కువసేపు ఏడవరు, అంతే తేడా. అన్నీ సమకూర్చిన చోట కూడా ఆందోళన ఆగలేదంటే, ఇది డిమాండ్ల కోసం చేస్తున్న ఆందోళన కాదన్నమాట.

కింది వాటాలో మెక్సికో నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరుండేవారు. ఆవిడకీ ఓ మనవరాలు. ఒక సాయంత్రం ఆవిడ చేతిలో కోడిగుడ్డుతో మా తలుపు తట్టారు. మా ఆవిడ అప్పటికే వంటింట్లో గుడ్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. దీనికి నేను ప్రత్యక్ష సాక్షిని. ఇద్దరికీ ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు, కానీ గుడ్డు ఉంది. మన పద్ధతిలో మూడుసార్లు దిగదుడిచి కూడలిలో పారేయాలి. అమెరికాలో రోడ్డు మీద గుడ్డు విసిరితే జరిమానా ఎంతో అల్లుడు వెతుకుతుండగా, వాళ్ల పద్ధతిలో గుడ్డుని ఒళ్లంతా తాకించి గ్లాసుడు నీళ్లలో కొట్టి చూస్తారని తేలింది. గ్లాసు ఇంట్లోనే ఉంది కాబట్టి మెక్సికో పద్ధతి ఖాయమైంది. వాడు ఆ వారమే ఏడుపు తగ్గించాడు. మూడో నెల నిండితే అందరూ తగ్గిస్తారని పుస్తకంలో ఉంది. ఇంట్లో మాత్రం రికార్డు గుడ్డు పేరు మీదే ఉంది, మార్పించే ధైర్యం నాకు లేదు.

ఏడుపులో యాస ఉంటుందా అన్న వివాదం కూడా మా ఇంట్లో నడిచింది. నేను నవ్విపారేశాను గానీ, 2009లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫ్రెంచి పిల్లలు 30 మంది, జర్మను పిల్లలు 30 మంది ఏడుపుని రికార్డు చేశారు. అందరూ పుట్టి రెండు నుంచి ఐదు రోజులైనవాళ్లు. ఫ్రెంచివాళ్ల ఏడుపు కింద మొదలై పైకి లేస్తుంది, జర్మన్లది పైన మొదలై కిందికి దిగుతుంది. కడుపులో ఉండగా తల్లి మాట తీరు విని పట్టుకున్నారని వాళ్ల నిర్ణయం. ఇది వినగానే మా ఆవిడ, "చూశారా, వాడు చివర్లో దీర్ఘం తీస్తాడు, అచ్చం మా పాలకొల్లు" అని పట్టా తన పేరు మీద రాయించేసుకుంది. మాది విజయనగరం. మేం ఏడ్చినా ఎవరూ గుర్తుపట్టరు.

పట్టా అంటే గుర్తొచ్చింది. పిల్లాడి నోట్లోంచి వచ్చే మొదటి మాట సర్కారు పోరంబోకు లాంటిది. ముందు ఎవరు కంచె వేసుకుంటే వాళ్లది. రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లోనే ఈ భూమిని సర్వే చేశాడు. పాలు తాగుతూ నోరు మూసుకుపోయి ఉన్నప్పుడు బిడ్డ చేయగలిగిన చప్పుడు ముక్కుతో తీసే 'మ్' ఒక్కటే, ఆకలేసినప్పుడు మళ్లీ అదే మూలుగు మూలుగుతాడు అన్నాడు. అంటే అది పిలుపు కాదు, సరుకు పంపమనే ఇండెంటు. దాని మీద ప్రపంచమంతా తల్లులు 'అమ్మ', 'మామా' అని కంచెలు వేశారు. కాకసస్ కొండల దగ్గరి జార్జియాలో మాత్రం తండ్రులు ముందు నిద్రలేచినట్టున్నారు, అక్కడ 'మామా' అంటే నాన్న, తల్లి 'దెదా'. టర్కీలో 'అన్నె' అంటే అమ్మ. టర్కీ పిల్లాడొకడు మా ఇంట్లో వాళ్లమ్మ కోసం ఏడిస్తే మేం పెద్దకొడుకుని పంపేవాళ్లం. మా అల్లుడు వీడు 'నాన్నా' అన్నాడని వీడియో తీసి నలభై మందికి పంపాడు. వాడు 'తాతా' అన్నాడని నా వాదన. వాడు ఆ సమయంలో సీలింగు ఫ్యానుని చూస్తున్నాడని అవతలి పక్షం అభ్యంతరం. ఫ్యానుకి నా పోలికలున్నాయేమో విచారించాలి కదా.

తాత ప్రస్తావన వచ్చింది గనక ఓ ముఖ్యమైన సంగతి. 1984లో కెనడా పరిశోధకులు ఇద్దరు, ఇంగ్లిషు తప్ప వేరే మాట వినని ఇళ్లలోని పిల్లలకి హిందీలోని 'త', 'ట' వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా ఠక్కున పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ శక్తి పోయింది, వాళ్ల చెవికి రెండూ ఒకటే అయ్యాయి. దీని తాత్పర్యం గమనించండి. ఆ ఊళ్లో తోపుడు బండ్లలో వెళ్తున్న ప్రతి తెల్లపిల్లాడికీ తాతకీ టాటాకీ తేడా తెలుసు. పక్క వీధి కుర్రాడికీ ఒకప్పుడు తెలిసే ఉంటుంది. ఇప్పుడు పాతికేళ్లవాడై రోజూ నన్ను చూసి, మా మనవడు పిలిచినట్టే పిలుస్తున్నాననుకుని, "హాయ్ టాటా" అంటాడు. నేను వెళ్లొస్తానని చెయ్యి ఊపుతాను. అక్కడున్నన్నాళ్లూ ఇదే వరస.

ఇక పెద్దల సంగతి. తేడాలన్నీ ఇక్కడే ఉన్నాయి. డెన్మార్కులో పిల్లల్ని చలికాలంలో కూడా బండిలో ఆరుబయట పడుకోబెడతారు, చల్లగాలికి మంచి నిద్ర పడుతుందని. 1997లో ఒక డేనిష్ తల్లి న్యూయార్కులో హోటలు బయట అలాగే వదిలి లోపల కూర్చుంటే పోలీసులు అరెస్టు చేశారు. బాలిలో 105 రోజులు నిండేదాకా బిడ్డ పాదం నేల తాకనివ్వరు. మనం ఏడుపు ఆపడానికి నానా అవస్థా పడతామా, టోక్యో సెన్సోజీ గుడిలో సుమో మల్లులు పసిపిల్లల్ని ఎత్తుకుని ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు ఏడుస్తారని పోటీ పెడతారు. ఏడ్చే బిడ్డ ఎదుగుతుందని వాళ్ల సామెత. స్పెయిన్‌లో ఒక ఊళ్లో ఏటా పిల్లల్ని వీధిలో పరుపుల మీద వరసగా పడుకోబెడితే దయ్యం వేషం వేసుకున్నవాడు వాళ్ల మీంచి దూకుతాడు. ఈ పిల్లలందరూ ఇవన్నీ అయ్యాక చేసే పని ఒక్కటే, పాలు తాగి పడుకుంటారు.

మన ఆవాల దిండు కూడా అక్కడ ఓడిపోయింది. డాక్టరు దిండు వద్దు, దుప్పటి వద్దు, వెల్లకిలా మాత్రమే అన్నాడు. 1990ల నుంచి అక్కడ అలా పడుకోబెట్టడం మొదలెట్టాక, నిద్రలో హఠాత్తుగా పోయే పిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గిందట. ఆ లెక్క విన్నాక మా ఆవిడ మారుమాట్లాడకుండా దిండు పెట్టెలో పెట్టేసింది. నాలుగు రోజుల తర్వాత దాన్ని విప్పి పులిహోర పోపులో వేసింది. బోర్లాపడ్డ రోజు బొబ్బట్లు చేసింది. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అన్నారు గానీ, పళ్లు లేనివాడి పేరు చెప్పి ఇంత పెద్ద మెనూ తయారుచేసిన పూర్వీకుడెవరో వాడికి శతకోటి దండాలు. నాకు షుగరు. ఆ రోజు నాలుగు తిన్నాను.

వసంతం వచ్చాక పార్కుకి వెళ్లడం మొదలెట్టాం. బెంచీ మీద ఓ చైనా తాతగారు, చేతిలో వేణ్నీళ్ల ఫ్లాస్కు, బండిలో ఏడాది దాటిన మనవరాలు. ఆడవాళ్లిద్దరూ రెండో రోజుకే ఒకటైపోయారు. కాన్పైన గంటకే ఆసుపత్రిలో బాలింతకి ఐసు వేసిన నీళ్లిచ్చారన్న దారుణాన్ని మా ఆవిడ గ్లాసు పట్టుకున్నట్టు, వణికినట్టు అభినయించి చూపిస్తే ఆ చైనా మామ్మగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు. వాళ్లకీ నెల్లాళ్లు పథ్యం, వాళ్లకీ చన్నీళ్లు నిషిద్ధం.

మేం అంతకుముందే అన్నప్రాసన చేశాం, మగపిల్లాడు గనక ఆరో నెలలో. పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పది డాలర్ల నోటు పరిచాం. అల్లుడు కంప్యూటరు మౌసు పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా, వాడి చేతికి అందేలా ముందుకి జరిపాడు. నేనది చూసి పెన్నుని ఇంకో జానెడు జరిపాను. వాడు అందరినీ ఒకసారి పరకాయించి, గొలుసు పెట్టిన పేపరు ప్లేటు అంచు పట్టుకుని నోట్లోకి లాక్కున్నాడు. ఈ వీడియో నేను చూపిస్తే, చైనా తాతగారు నవ్వి తన ఫోను తీశారు. వాళ్లకిది మొదటి పుట్టినరోజున చేస్తారు. కుంచె, లెక్కలు చేసే పూసల చట్రం, డబ్బు, ఇంకా ఏవేవో. ఫ్రేములో ఓ మూల ఆయన చెయ్యి కనిపించింది, పూసల చట్రాన్ని నెమ్మదిగా ముందుకి జరుపుతూ. ఆ పిల్ల బల్ల మీది గుడ్డ నమిలింది. కొరియాలో ఇప్పుడు స్టెతస్కోపు, మైకు కూడా పెడుతున్నారట. ఆర్మేనియాలో మొదటి పన్ను వచ్చిన రోజు పరుస్తారు. సరంజామా ఎన్ని దేశాల్లో ఎంత మార్చినా ముద్దాయిలు జాబితాలో లేని వస్తువునే ఎంచుకుంటున్నారు. మేమిలా సాక్ష్యాలు సరిపోల్చుకుంటుండగా, బండ్లలో మావాడు ఆ పిల్ల బిస్కెట్టు తీసుకుని చప్పరించాడు. ఆ పిల్ల వాడి మేజోడు ఊడదీసి చప్పరించింది. ఫిర్యాదు ఏ వైపు నుంచీ రాలేదు.

వీసా పొడిగింపు దరఖాస్తు నేనే పెట్టాను, అదో మూడు నెలలు. ఆఖరి వారాల్లో వాడికి దోబూచి పిచ్చి పట్టింది. తువ్వాలు మొహం మీదికి లాక్కుని తీసి "బూచి!" అంటే చాలు, కిలకిల. జపానులో "ఇనయ్ ఇనయ్ బా", అంటే లేడు లేడు, బా. ఫ్రాన్సులో "కుకూ". కళ్లెదుట లేని వస్తువు ఎక్కడో ఉందని ఎనిమిదో నెల ప్రాంతంలో తెలుస్తుందనీ, అప్పటినుంచి దాచినదాని కోసం వెతకడం మొదలెడతారనీ స్విట్జర్లాండు పెద్దాయన పియాజే రాశాడు. మావాడికి ఎనిమిది నిండిన నాలుగో రోజు మా విమానం.

ఇంటికొచ్చిన మర్నాడు వీడియో కాలు. నేను పక్కకి తప్పుకుని, మళ్లీ తెర మీదికి వచ్చి "బూచి!" అన్నాను. వాడు నవ్వలేదు. ఫోన్ని రెండు చేతులా పట్టుకుని తిరగేసి వెనక వైపు చూశాడు. మాకు సీలింగు ఫ్యాను కనిపించింది. తర్వాత వాడి చెవి, తర్వాత చీకటి.

"వెనకాల వెతుకుతున్నాడు నాన్నా" అంది అమ్మాయి గొంతు.

అక్కడ నేను దొరక్కపోయేసరికి ఫోన్ని నోట్లో పెట్టుకున్నాడు. తెరనిండా చొంగ. దాని మధ్యలో, మేం ఉండగా రాని కింది పన్ను, బియ్యపు గింజంత. మా ఆవిడ నన్ను పక్కకి నెట్టి, తెర మీద దిష్టి తగలకుండా థూ థూ అని, వంటింట్లోకి గుడ్డు కోసం పరిగెత్తింది.