పోయినవాళ్ల పేరు మీద జంతువుల షెల్టర్ పెట్టాలనుకుంటే

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వరసకు బాబాయ్ అయ్యే ఒకాయన నన్ను పక్కకు పిలిచి ఒక మాట అడిగాడు. ఆయన కూతురు ఇరవై ఏళ్లు నిండకుండానే జబ్బు చేసి పోయింది. ఆ పిల్లకి కుక్కలంటే ప్రాణం. హాస్టల్ నుంచి ఫోన్ చేసినా ముందు వీధిలో కుక్కల సంగతి అడిగి, ఆ తర్వాతే అమ్మానాన్నల సంగతి అడిగేది. "ఊరి చివర రెండెకరాలుంది కదరా, అందులో అమ్మాయి పేరు మీద కుక్కల షెల్టర్ పెడితే ఎట్లా ఉంటది? నువ్వు నాలుగూ చదువుతుంటావు, కనుక్కుని చెప్పు" అన్నాడు. ఆయన ముఖం చూస్తే వద్దనడానికి నోరు రాలేదు, సరే అనడానికీ ధైర్యం చాల్లేదు. అప్పటి నుంచి దీని గురించి చదువుతూనే ఉన్నాను.

నిజానికి పోయినవాళ్ల పేరు మీద ఏదో ఒకటి చెయ్యడం మనకి కొత్తేమీ కాదు. ఊళ్లో చలివేంద్రం పెడతాం, బడికి ఒక గది కట్టిస్తాం, సంవత్సరీకం రోజున గోశాలకు వెళ్లి ఒక రోజు గ్రాసానికి డబ్బు కడతాం. ఇంకా వెనక్కి వెళ్తే వృషోత్సర్గం ఉంది. చనిపోయిన పదకొండో రోజున ఆ మనిషి పేరు మీద ఒక కోడెకు త్రిశూలం, చక్రం ముద్రలు వేసి ఊరి మీద వదిలేసేవాళ్లు. అచ్చు వేసి వదిలిన ఆ పశువును ఎవరూ కట్టెయ్యకూడదు, కొట్టకూడదు, ఏ చేలో మేసినా అడగకూడదు. అంటే ఒక కుటుంబానికి వచ్చిన దుఃఖంలో ఊరంతా తలా కాస్త పంచుకుని ఆ పశువును పోషించేది. కానీ అదే మాట రానురాను ఏమైందో చూడండి. "అచ్చోసిన ఆంబోతు" అంటే ఇప్పుడు తిట్టు, బాధ్యత లేకుండా తిరిగేవాణ్ణి అనే మాట. ఊరు పంచుకోవడం ఆగిపోయాక ఆ కోడె ఎవరికీ చెందనిదైపోయింది. నాకు ఈ విషయంలో భయం పుట్టించింది ఈ ఒక్క మాటే. వదిలే రోజున అందరూ ఉంటారు, ఆ తర్వాత దాని ఆకలి ఎవరిది?

ఈ ప్రశ్నకు నాకు దొరికిన గట్టి జవాబు కెన్యాలో ఉంది. డేవిడ్ షెల్‌డ్రిక్ 1948లో త్సావో ఈస్ట్ నేషనల్ పార్కుకు మొదటి వార్డెన్‌గా వెళ్లి, 1976 దాకా ముళ్లపొదల ఆ నేల మీద రోడ్లు వేయించి, దంతాల వేటగాళ్లతో పోరాడి దాన్ని పార్కుగా నిలబెట్టిన మనిషి. ఆయన భార్య డాఫ్నీ అక్కడే తల్లి లేని ఏనుగు గున్నల్నీ ఖడ్గమృగం పిల్లల్నీ పెంచేది. 1976 చివర్లో ఆయన్ని నైరోబీకి బదిలీ చేశారు. కొన్ని నెలలకే, 1977 జూన్‌లో, గుండెపోటుతో పోయాడు. ఇల్లూ పోయింది, పెంచిన జంతువులూ దూరమయ్యాయి, మనిషీ పోయాడు. ఆవిడకప్పుడు 43 ఏళ్లు. ఆ ఏడాదే ఆయన పేరు మీద నిధి మొదలైంది, పదేళ్ల పాటు మరో సంస్థ నీడలో నడిచి 1987లో సొంత ట్రస్టు అయింది. నైరోబీ నేషనల్ పార్కులో గున్న ఏనుగుల నర్సరీ ఆవిడ చేతుల మీదుగా ఏర్పడింది. ఆ ట్రస్టు ఇప్పటికి 300 పైచిలుకు అనాథ ఏనుగుల్ని పెంచింది.

చెప్పడానికి నాలుగు వాక్యాలే, కానీ ఆ పని ఎలాంటిదో తెలియాలంటే పాల సంగతి తెలియాలి. పాలు మరవని ఆఫ్రికా ఏనుగు గున్నను తల్లి లేకుండా బతికించడం అప్పటిదాకా ఎవరికీ చేతకాలేదు. ఆవుపాలలో ఉండే కొవ్వు వాటికి పడదు, విరేచనాలు పట్టుకుని రోజుల్లో చనిపోతాయి. డాఫ్నీ ఏళ్ల తరబడి రకరకాలుగా కలిపి చూసి, ఒకటి తర్వాత ఒకటి చేతుల్లోనే పోతుంటే చూస్తూ, చివరికి కొబ్బరినూనె ఉన్న పసిపిల్లల పాలపొడితో ఒక గున్నను నిలబెట్టగలిగింది. (కోనసీమవాళ్లకి ఈ ముక్క చెప్పాలని నాకు చాలా కోరిక.) ఇప్పటికీ చిన్న గున్నలకు సుమారు మూడు గంటలకోసారి, రాత్రీ పగలూ పాలు పట్టాల్సిందే.

అంతకంటే పెద్ద పాఠం ఆ నిలబడిన గున్నే నేర్పింది. దాని పేరు ఐషా. ఆర్నెల్లు దాటేదాకా బాగానే పెరిగింది. కూతురి పెళ్లి కోసం డాఫ్నీ కొద్ది రోజులు వదిలి వెళ్లాల్సి వచ్చింది. అమ్మ మళ్లీ మాయమైందనుకుందో ఏమో, ఐషా పాలు తాగడం మానేసి బెంగతో చనిపోయింది. తప్పు ఎక్కడుందో ఆవిడకి అర్థమైంది. గున్నను ఒక్క మనిషికే అలవాటు చెయ్యకూడదు. అప్పటి నుంచి ఆ నర్సరీలో ఒక పద్ధతి. సంరక్షకులు గున్నల పక్కనే పడుకుంటారు కానీ ఏ రాత్రి ఎవరు ఏ గున్న దగ్గర అనేది మారుతూ ఉంటుంది. ఎవరో ఒకరు సెలవు పెట్టినా, జబ్బు పడినా, పోయినా గున్నకు కుటుంబం మిగలాలి.

నేను బాబాయ్‌కి చెప్పాలనుకున్న మాట సరిగ్గా ఇదే. ఆ పద్ధతి గున్నలకే కాదు, షెల్టర్‌కీ కావాలి. దుఃఖంలో మొదలుపెట్టిన షెల్టర్ దాదాపు ఎప్పుడూ ఒక్క మనిషి మీదే నిలబడుతుంది. పొద్దున్నే అన్నం వండేది షెల్టర్ పెట్టిన ఆ అమ్మే, రాత్రి సెలైన్ ఎక్కించేది ఆ అమ్మే, అప్పు చేసేదీ ఆవిడే. చూసేవాళ్లకి అది గొప్ప ప్రేమగా కనిపిస్తుంది, నిజంగా ప్రేమే, కానీ ఆవిడకి డెబ్బై ఏళ్లు వచ్చాక ఆ ఎనభై కుక్కలూ ఐషాలే. డాఫ్నీ షెల్‌డ్రిక్ 2018 ఏప్రిల్‌లో కన్నుమూసింది. అప్పటికే కూతురు ఏంజెలా చాలా ఏళ్లుగా పని నడిపిస్తోంది, పాలు పట్టే చేతులు ఎన్నో ఉన్నాయి, అందుకే ఆవిడ తర్వాత కూడా గున్నలు వస్తూనే ఉన్నాయి, అడవికి వెళ్తూనే ఉన్నాయి.

ఇంకో సంగతి. ఆ ట్రస్టు గున్నల్ని పెంచడంతో ఆగలేదు. గున్నలు అనాథలెందుకవుతున్నాయో అక్కడికీ వెళ్లింది. త్సావోలో ఉచ్చులు ఏరే బృందాలు, కెన్యా వన్యప్రాణి శాఖతో కలిసి తిరిగే పశువైద్య బృందాలు దాని పనిలో భాగం. డేవిడ్ బతికుండగా చేసిన పని ఇదే కదా. ఆయన్ని గుర్తుంచుకోవడం అంటే ఆయన చేస్తుండిన పనిని ఆపకుండా చెయ్యడమేనని వాళ్లు అనుకున్నట్టుంది.

ఆస్ట్రేలియాలో, మొసళ్ల టీవీ కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న స్టీవ్ ఇర్విన్ కూడా తల్లి 2000లో రోడ్డు ప్రమాదంలో పోతే 2004లో ఆమె జ్ఞాపకంగా వన్యప్రాణుల ఆసుపత్రి తెరిచాడు, అవకాడోలు ప్యాక్ చేసే పాత షెడ్డులో. రెండేళ్లకే ఆయనా పోయాడు. ఆసుపత్రి మాత్రం నడుస్తోంది, లక్షకు పైగా జంతువులకు వైద్యం చేసింది.

అమెరికాలోని న్యూటౌన్ సంగతి చదివినప్పుడు మాత్రం నాకు బాబాయే కళ్లముందు మెదిలాడు. 2012 డిసెంబర్ 14న శాండీ హుక్ ఎలిమెంటరీ స్కూల్లో జరిగిన కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయారు. వాళ్లలో ఆరేళ్ల క్యాథరిన్ ఒకతి. ఆ పాప సీతాకోకచిలుకను పట్టుకుని వదిలేటప్పుడు, నేను మంచిదాన్నని నీ స్నేహితులకి చెప్పు అని దాని చెవిలో చెప్పేదట. తనకో జంతువుల షెల్టర్ ఉన్నట్టు, దాన్ని చూసుకునేది తానే అన్నట్టు కార్డులు కూడా తయారుచేసుకుంది. అమ్మానాన్నలు ఆ కోరికనే పట్టుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 34 ఎకరాలు ఇచ్చింది, క్యాథరిన్ వయొలెట్ హబ్బర్డ్ యానిమల్ శాంక్చువరీ అలా మొదలైంది. నాకు నచ్చింది వాళ్ల నిదానం. స్థలం వచ్చింది కదాని వందల జంతువుల్ని తెచ్చి నింపెయ్యలేదు. సీతాకోకలకు, తేనెటీగలకు పనికొచ్చే మొక్కలు పెంచారు, దత్తత మేళాలు పెట్టారు, పెంపుడు జంతువును సాకే స్తోమత లేక వదిలేసుకోవాల్సి వస్తున్న వృద్ధులకు సాయం చేశారు. ఒక ముసలావిడ దగ్గర పిల్లి ఉండిపోయేలా చూస్తే షెల్టర్‌కి ఒక పిల్లి తక్కువ వస్తుంది. ఇది ఫొటోలో కనపడదు, శిలాఫలకం మీద రాయడానికి ఉండదు, అయినా పనే.

ఇక మన దగ్గరికొద్దాం. అభయారణ్యం అనే మాట మనవాళ్లు ధారాళంగా వాడతారు కానీ చట్టం ప్రకారం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, దాన్ని ప్రకటించాల్సింది ప్రభుత్వం. చిత్తూరు వైపు ఏనుగులుండే కౌండిన్య అలాంటిది. మనం మన పొలంలో జింకనో నెమలినో తెచ్చి పెంచుకుంటే ఎంత ప్రేమతో చేసినా నేరమే. కాబట్టి మామూలు మనిషి చెయ్యగలిగింది కుక్కలకు, పిల్లులకు, పశువులకు, గాడిదలకు నీడ ఇవ్వడం. అందులోనూ వీధికుక్కల విషయం సున్నితమైనది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకుంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి మళ్లీ ఆ చోటే వదలాలి. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర పట్టిన కుక్కల్ని మాత్రం తిరిగి అక్కడ వదలకుండా షెల్టర్లలో ఉంచమంది. అంటే షెల్టర్ల అవసరం పెరుగుతుంది. ఆ తొందరలో పుట్టే షెల్టర్లలో ఎన్ని కుక్కలకు నిజంగా చోటుంటుంది, ఎన్ని పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల అంటురోగాలు సోకి పోతాయి అన్నదే నా టెన్షన్. టీకా లేని ఒక్క కుక్కపిల్లను క్వారంటైన్‌లో పెట్టకుండా లోపలికి తెస్తే షెడ్డులో ఉన్న పిల్లలన్నీ వారంలో పోవచ్చు. దుఃఖంలో ఉన్నవాళ్లు ఏ జంతువునూ కాదనలేరు, నాకు తెలుసు. గేటు ముందు అట్టపెట్టెలో కుక్కపిల్లల్ని వదిలి వెళ్తారు జనం, అది కూడా తెలుసు. కానీ యాభైకి చోటుంటే యాభై ఒకటో దాన్ని తీసుకోనని చెప్పగలగడం ఆ యాభై మీద ఉన్న ప్రేమే.

డబ్బు సంగతి కూడా దాచక్కర్లేదు. మనవాళ్లకి కట్టడానికి ఇచ్చే చెయ్యి పెద్దది, మేపడానికి ఇచ్చే చెయ్యి చిన్నది. గది కడితే పేరు ఉంటుంది, బియ్యం బస్తాకి, గజ్జి మందుకి, ఆదివారం వచ్చే ఆయా జీతానికి పేరుండదు. మా నాన్న పోయిన ఏడాది మేమూ చలివేంద్రం పెట్టాం. మొదటి వేసవి అన్నదమ్ములం పోటీపడి వెళ్లాం, రెండో వేసవికి కుండలు నింపడానికి మనిషి దొరకలేదు. కుండ ఖాళీగా ఉంటే దారిన పోయేవాడు ఇంకో చోట తాగుతాడు, కట్టేసిన కుక్క అలా వెళ్లలేదు. షెల్‌డ్రిక్ ట్రస్టు చేసిన తెలివైన పని, ఏడాదికి 50 డాలర్ల దగ్గర మొదలయ్యే దత్తత పథకం. ఇచ్చినవాళ్లకి ఆ గున్న పేరు, అది ఎలా ఉందో నెలనెలా కబురు అందుతాయి. ఎక్కడో ఉన్న వేలమంది తలా కాస్త మోస్తారు. వృషోత్సర్గంలో ఊరు చేసిన పని అదే కదా!

బాబాయ్‌కి ఇవన్నీ ఫోన్లో చెప్పాను, దాదాపు గంట. మధ్యలో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నొప్పించానేమో అనుకున్నాను. చివరికి రెండెకరాల సంగతి ఇప్పుడే వద్దులే అన్నాడు. మండలంలో పశువుల డాక్టర్‌ని అడిగి, ముందు ఈ ఏడాది ఊళ్లో కుక్కలన్నిటికీ టీకాలు వేయించి, కుదిరినన్నిటికి ఆపరేషన్లు చేయించే ఏర్పాటు చూస్తానన్నాడు. తనతో పాటు ఊళ్లో ఇంకో నలుగురు కుర్రాళ్లు నిలబడితేనే షెడ్డు మాట ఎత్తుతానన్నాడు. అమ్మాయి స్నేహితుల్లో ఇద్దరు వెటర్నరీ చదువుతున్నారట, వాళ్లని అడుగుతానన్నాడు. పేరు సంగతేంటి బాబాయ్ అని అడిగితే, "టీకా వేయించిన కుక్కకి మెడలో పట్టీ కడతారు కదా, అది మన అమ్మాయికిష్టమైన పసుపు రంగుది తెప్పిస్తాలే" అన్నాడు.